నలభై నోట్‌బుక్కుల్ల ఒక్కటే జవాబు ఉంటె అది సైన్సెట్లయితది?

ఆదివారం పొద్దుగాల ఏ మండల కేంద్రంలనన్న నెట్ సెంటర్ కాడికి పోయి జరసేపు నిలవడుండ్రి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాక పిల్లగాళ్లు లైన్ గట్టి ఉంటరు. ‘అన్నా, నీటి కాలుష్యం ప్రాజెక్టు తియ్యి’, ‘అన్నా, ఆహార గొలుసు బొమ్మలు కలర్ల కావాలె’. పది నిమిషాల్ల ప్రింట్ చేతికొస్తది. పైన పేరు, రోల్ నంబర్ రాస్తరు, స్కెచ్ పెన్‌తోని చుట్టూ గీతలు కొడ్తరు, సోమవారం బడిల ఇస్తరు. ఈ మధ్యన గా కష్టం సుత లేదు. ఫోన్‌ల అడిగితె పరిచయం, ఉద్దేశం, సేకరించిన సమాచారం, ముగింపు అన్నీ అదే రాసిస్తున్నది. పిల్లగాడు చూసి దించుకునుడే.

నేను బీఎస్సీ చదివిన. పొద్దూకినంక మా ఇంటి అరుగు మీద ఏడు నుంచి పదో తరగతి పిల్లలకు సైన్సు, లెక్కలు చెప్త. వాళ్ల ప్రాజెక్టు నోట్‌బుక్కులన్నీ ఒక్కకాడ పెట్టి చూస్తె ఒక్క సంగతి కండ్లకు కొట్టొచ్చినట్టు కనవడ్తది. జవాబులు ఒక్కటే ఉండుడు కాదు, తప్పులు సుత ఒక్క తీరుగనే ఉంటయి. ఒకల దాంట్ల వొత్తు పోతె అందరి దాంట్ల పోతది.

గిది పిల్లలను తిట్టేందుకు రాస్తలేను. సార్లను, టీచర్లను తిట్టేందుకు అసలే కాదు. మన దగ్గర ఫార్మేటివ్ అసెస్‌మెంట్ అని ఏడాదికి నాలుగుసార్లు ఉంటది. ఒక్కోటి 20 మార్కులకు. పిల్లల భాగస్వామ్యానికి 5, రాత పనికి 5, ప్రాజెక్టుకు 5, చిన్న పరీక్షకు 5. కాయిదం మీద చూస్తె మంచి ఆలోచనే. బట్టీ ఒక్కటే కాకుండ చేతులతోని చేసినదానికి సుత మార్కులుండాలె అనే పెట్టిండ్రు. కాని హైస్కూల్ల ఒక్క సారే మూడు తరగతులు చూడాలె, సిలబస్ ఒడగొట్టాలె, మార్కులు ఆన్‌లైన్‌ల ఎక్కియ్యాలె. నలభై మందివి నలభై తీర్ల ప్రాజెక్టులు చదివే టైమ్ ఆయనకేడిది? అందరివి ఒక్క తీరుగ ఉంటె ఆయనకూ అల్కగుంటది. గట్ల అందరికీ అల్కగైన పని అలవాటైపోయింది.

నేను చెప్పేది ఒక్కటే. వారానికి ఒక్క సైన్స్ హోంవర్క్ చాలు. కాని దాని జవాబు పుస్తకంల ఉండొద్దు, గైడ్‌ల ఉండొద్దు, ఫోన్‌ల ఉండొద్దు. పిల్లలు పోయి చూస్తెనో, కొలిస్తెనో, లెక్కవెడ్తెనో దొరకాలె. మీ చేదబాయిల నీళ్లు ఎన్ని మూరల లోతున ఉన్నయో ఇంటర్నెట్‌కు ఎర్కలేదు. మీ ఇంట్ల నిల్వ పెట్టిన వడ్లల్ల నూటికి ఎన్ని మొలుస్తయో ఏ గైడ్ రాసినాయనకూ ఎర్కలేదు.

వంద గింజల లెక్క

పోయిన వానాకాలంల మా అరుగు మీదికి వచ్చే ఒక పిల్ల, విత్తనం మొలకెత్తుడు గురించిన పాఠానికి నిజంగనే ప్రయోగం చేసింది. వాళ్లింట్ల విత్తనానికని పెట్టిన వడ్లల్ల వంద లెక్కవెట్టి, తడి గోనెసంచి ముక్కల చుట్టి, ఎనిమిది రోజులు నీళ్లు చిలకరించింది. 71 మొలిచినయి. నోట్‌బుక్కుల గదే రాసింది. బడిల దానికి ఎర్ర పెన్‌తోని అడ్డగీత పడ్డది. పుస్తకంల ఉన్నట్టు రాయమన్నరట. గాలి, నీళ్లు, వెచ్చదనం ఉంటె విత్తనాలు మొలకెత్తును, అంతే. అయిదుకు మూడు మార్కులు. నెట్ సెంటర్ ప్రింటోళ్లకు అయిదుకు అయిదు.

మార్కుల గురించి గా పిల్ల పెద్దగ బాధ పడలేదు. నన్ను అడిగింది వేరే. ‘అన్నా, గాలి, నీళ్లు, వెచ్చదనం అన్నిటికీ ఒక్కతీరుగనే ఇచ్చిన కద. మరి ఆ 29 గింజలకు ఏమైంది?’

చూసిండ్రా, పాఠం అసలు మొదలయ్యేది గక్కడ. మొలవని గింజలను ఒక్కొక్కటి గోటితోని ఒలిచి చూడాలె. కొన్ని లోపల వట్టి తాలు ఉంటయి. కొన్నిటికి పురుగు బొక్క ఉంటది. కొన్ని బూజు పట్టి మెత్తవడ్తయి. ఇంకొన్ని గట్టిగ, ఆరోగ్యంగ ఉంటయి కాని మొలవయి. గవి సచ్చిపోలేదు, నిద్రల ఉన్నయి. కొత్తగ కోసిన వడ్లల్ల గీ నిద్ర కొన్ని వారాల దాక ఉంటది. కోతల వానొస్తె గింజ చేనుమీదనే మొలవకుండ కాపాడేది గా నిద్రనే. అందుకే కోత కాంగనే పరీక్ష పెడ్తె లెక్క తక్కువొస్తది, రెండు నెలలాగి పెడ్తె గవే వడ్లు బాగ మొలుస్తయి. ఒక్క అడ్డగీత ఇంత పాఠాన్ని కొట్టేసింది.

ఇంకో సంగతి. విత్తనాలు అమ్మేటోళ్లకు సర్కారు ఒక హద్దు పెట్టింది. వరి విత్తనం నూటికి కనీసం 80 మొలవాలె. విత్తన పరీక్ష ల్యాబులల్ల 400 గింజలు పెట్టి చూస్తరు. అంటె క్లాసుల నలుగురు పిల్లలు ఒక్క సంచిలకెల్లే తలా వంద గింజలు తీసి పెడ్తె, గింజల లెక్కన ల్యాబ్‌తోని సమానమైనట్టే. వేళ్లు, మొలక రెండూ సక్కగ వచ్చిన గింజలనే లెక్కలకు తీసుకోవాలె. ముక్కు పగిలి ఆగిపోయినయి లెక్కలకు రావు. ల్యాబ్ సుత గట్లనే లెక్కవెడ్తది.

గా నలుగురికి ఒక్క జవాబు రాదు. అనుకుందాం, 71, 78, 66, 75 వచ్చినయి. ఎవలిది తప్పు? ఎవలిదీ కాదు. ఒక్క సంచిలకెల్లే తీసినా, చేతికి వచ్చిన వంద గింజలు ఒక్కోసారి ఒక్కో తీరుగుంటయి. నాలుగూ కలిపితె 400ల 290, అంటె నూటికి 72.5. ఎక్కువ గింజలు చూసిన కొద్ది లెక్క నిలకడ మీదికొస్తది. తొమ్మిది, పది తరగతుల లెక్కల పుస్తకంల సగటు, సంభావ్యత అని ఉన్నది గిదే. నలుగురి నోట్‌బుక్కుల్ల నలుగురి అంకెలు ఉంటెనే గా పాఠం చెప్పొస్తది. నలుగురివీ 72 అనే ఉంటె చెప్పేందుకేమీ ఉండదు.

దీంట్ల పైసల లెక్క సుత ఉన్నది. నూటికి 80 మొలిచే వడ్లు 25 కిలోలు నారుమడిల పోస్తె ఎన్ని మొక్కలొస్తయో, నూటికి 60 మొలిచేటియి అయితె గన్ని మొక్కలకు 33 కిలోలు పొయ్యాలె. నారు పల్చగ వచ్చినంక ఎవల్ని తిట్టినా లాభం లేదు, అదును దాటిపోతది. కల్తీ విత్తనాలతోని మన రైతులు ఎంత నష్టపోతున్నరో ప్రతి ఏడాది పేపర్ల చూస్తనే ఉన్నం. ఎనిమిదో తరగతి పిల్ల హోంవర్క్ నారు పోసే ముందట వాళ్ల నాయినకు ఒక్క అంకె చెప్పగల్గితె, గది ఏ ప్రాజెక్టు ఫైల్‌కన్న తక్కువ?

ఒక్క జాగ్రత్త. దుకాణంల కొన్న ప్యాకెట్ విత్తనాలు గులాబి రంగుల, ఎర్రగ, నీలంగ ఉంటె వాటికి మందు పట్టిచ్చి ఉంటరు. పిల్లల చేతికి ఇయ్యొద్దు. ఇంట్లయి వడ్లు, పెసళ్లు, కందులు చాలు.

పన్నెండు గంటలకు పొద్దు నెత్తిమీద ఉంటదా?

‘మిట్ట మధ్యాహ్నం 12 గంటలకు సూర్యుడు నడినెత్తిన ఉంటడు’ అని చిన్నప్పటి నుంచి వింటున్నం. మన దగ్గర గిది ఏడాదిల రెండే రెండు రోజులు నిజం. గది సుత సరిగ్గ 12 గంటలకు కాదు.

ఇది ఇంట్ల చేసేది కాదు, బడి ఆవరణల చేసే పని. సాపుగ ఉన్న జాగల 100 సెంటీమీటర్ల కట్టెను నిలువుగ పాతుండ్రి. వంకర ఉన్నదా లేదా అని దారానికి రాయి కట్టి, వేలాడదీసి చూసుకోవాలె. వారానికి ఒక్కరోజు, శనివారం అనుకోండ్రి, 11:50 నుంచి 12:40 దాక ప్రతి అయిదు నిమిషాలకు నీడ కొస కాడ సుద్దముక్కతోని చుక్క పెట్టాలె. అన్నిట్ల పొట్టి నీడ ఏ టైమ్‌కు వచ్చిందో, ఎంత పొడుగున్నదో, ఏ దిక్కుకు ఉన్నదో రాసుకోవాలె. గంతే పని.

గా పొట్టి నీడ వచ్చే టైమ్ 12 కాకుండ ఎందుకుంటదంటె, మన గడియారం మన ఊరిది కాదు. దేశమంతటికీ ఒక్కటే టైమ్ కావాలె కాబట్టి 82.5 డిగ్రీల రేఖాంశం కాడి పొద్దును లెక్కలకు తీసుకున్నరు. గా గీత కాకినాడ దగ్గర్లకెల్లి పోతది. హైదరాబాద్ 78.5 డిగ్రీల మీద ఉన్నది, నాలుగు డిగ్రీలు పడమరకు. భూమి ఒక్క డిగ్రీ తిరిగేందుకు నాలుగు నిమిషాలు పడ్తది. నాలుగు నాళ్లు పదహారు. అంటె హైదరాబాద్‌ల పొద్దు సగటున 12:16కు నడిమిట్లకొస్తది. ఇది సుత నిలకడగ ఉండదు. భూమి సూర్యుని చుట్టూ తిరిగే దారి సక్కటి గుండ్రం కాదు, భూమి ఇరుసు సుత ఒంగి ఉన్నది. గీ రెండిటితోని నవంబర్ మొదట్ల గా టైమ్ దాదాపు 12 గంటలకు జరుగుతది, ఫిబ్రవరి రెండో వారంల 12:30 దాక పోతది. ఏడో తరగతి పిల్లగాడు ప్రతి శనివారం రాసుకుంటె గీ జరుగుడు వాని నోట్‌బుక్కులనే కనవడ్తది.

ఇగ నీడ పొడుగు. కరీంనగర్ చుట్టుపక్కల అయితె 100 సెంటీమీటర్ల కట్టెకు డిసెంబర్ 22న దాదాపు 90 సెంటీమీటర్ల నీడ వస్తది. మార్చి 21కి గది 33కు పడిపోతది. మే రెండో వారంల ఒకరోజు నీడ కట్టె కిందనే దాసుకుంటది. జూన్ 21న చూస్తె చిత్రం, నీడ దక్షిణం దిక్కుకు తిరుగుతది, 9 సెంటీమీటర్లు ఉంటది. పొద్దు మనల్ని దాటి ఉత్తరానికి పోయింది కద మరి. మళ్ల జులై ఆఖర్ల నీడ మాయమైతది, ఆ తర్వాత ఉత్తరానికి తిరుగుతది. హైదరాబాద్‌ల గీ నీడలేని రోజులు మే 9, ఆగస్టు 3 చుట్టుపక్కల వస్తయి. ఢిల్లీ పిల్లలకు గీ రోజే లేదు. కర్కట రేఖకు ఉత్తరాన ఉన్నోళ్లకు పొద్దు ఎన్నడూ సరిగ్గ నెత్తి మీదికి రాదు.

పొట్టి నీడ అసలైన ఉత్తర–దక్షిణం దిక్కును సుత చూపెడ్తది. వాస్తు చెప్పేటాయన ఫోన్ల దిక్సూచి పెట్టి, పిల్లర్ల ఇనుప సలాకల పక్కన నిలబడి దిక్కులు చెప్తుంటె, మీ తమ్ముడు కట్టె పట్టుకొచ్చి సరిచెయ్యొచ్చు. ఇల్లు కట్టేటోళ్లు వింటరో వినరో, గది వేరే ముచ్చట.

పదో తరగతోళ్లకు దీంట్ల ఇంకో మెట్టు ఉన్నది. ఆదిలాబాద్, హైదరాబాద్ దాదాపు ఒక్కటే రేఖాంశం మీద ఉన్నయి, ఒకటి పైన, ఒకటి కింద. సూటిగ కొలిస్తె 254 కిలోమీటర్ల దూరం. సెప్టెంబర్ 23ననో, మార్చి 21ననో రెండు కాడల రెండు బడులు 100 సెంటీమీటర్ల కట్టెకు పొట్టి నీడ కొలిచినయి అనుకుందాం. హైదరాబాద్‌ల 31.3, ఆదిలాబాద్‌ల 35.7 సెంటీమీటర్లు రావాలె. నీడను కట్టె పొడుగుతోని భాగిస్తె ‘ట్యాన్’ విలువ. దాన్నిబట్టి కోణాలు తీస్తె తేడా 2.27 డిగ్రీలు. మొత్తం గుండ్రం 360 డిగ్రీలు, దాన్ని 2.27తోని భాగిస్తె 158 చిల్లర. 254తోని గుణిస్తె 40 వేల కిలోమీటర్ల పైన కొద్దిగ. భూమి చుట్టుకొలత గంతే. రెండువేల రెండొందల ఏండ్ల కింద ఈజిప్టుల ఎరటోస్తనీస్ అనే ఆయన చేసిన లెక్క గిది, మన రెండు జిల్లాల పిల్లలు రెండు కట్టెలతోని చెయ్యొచ్చు. కాని నీడను మిల్లీమీటర్ల దాక కొలవాలె. అర సెంటీమీటర్ తప్పు పోతె భూమి వేల కిలోమీటర్లు పెరుగుతది, తరుగుతది. మార్చిల పదో తరగతోళ్లకు పరీక్షల గోల ఉంటది కాబట్టి సెప్టెంబర్ నయం, మొగులు లేకుంటె.

చిన్నయి ఇంకొన్ని

వానాకాలంల వాన కొలుసుడు ఒక్క నిమిషం పని. పక్కలు తిన్నగ ఉన్న ప్లాస్టిక్ సీసా మెడ కోసి, తలకిందులు చేసి గరాటు లెక్క పెట్టాలె. అడుగు వంకర టింకర ఉంటది కాబట్టి గులకరాళ్లు వేసి, తిన్నగ ఉన్న కాడి దాక నీళ్లు పోసి, అక్కడ సున్న గీత గియ్యాలె. ఒక్క మిల్లీమీటర్ వాన అంటె ఎకరం మీద 4 వేల లీటర్ల పైన నీళ్లు. 20 మిల్లీమీటర్లు పడితె ఎకరానికి 5 వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు వచ్చినట్టు. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ మండలాల్ల పెట్టిన ఆటోమేటిక్ కేంద్రాల లెక్కలు ఆన్‌లైన్‌ల ఉంటయి. మన సీసా లెక్కను దాంతోని పోల్చాలె. తేడా వస్తె మన సీసా తప్పని అనుకునుడు అవసరం లేదు. మండలం ఆ కొసకు వాన పడి ఈ కొసకు పడని రోజులు మనం చూడనియా?

కూలర్ల, పాత టైర్ల, కొబ్బరి చిప్పల నీళ్లల్ల దోమ పిల్లలను లెక్కవెట్టుడు ఇంకోటి. గుడ్డు నుంచి దోమ అయ్యి ఎగిరేందుకు వారం, పది రోజులు పడ్తది. అందుకే వారానికొకసారి నీళ్లు పారబోయ్యాలె అంటరు. వారానికే ఎందుకన్నది పిల్లలు వాళ్లే తేల్చుకోవచ్చు. పసుపు కాయిదం సంగతి అందరికీ ఎర్కనే. సబ్బు నీళ్లకు, సున్నపు నీళ్లకు ఎర్రగయితది, నిమ్మరసం చుక్క పడితె మళ్ల పసుపు. దాంట్ల కొత్తేం లేదు, కాని ఇంట్ల ఇరవై వస్తువులు తెచ్చి, ముందుగాల అంచనా రాసి, తర్వాత ముంచి చూస్తె మంచిగుంటది. అంచనా తప్పినయే అసలు పాఠం.

హోషంగాబాద్ ముచ్చట

ఇదంత చెప్తుంటె ‘మాటలకు మంచిగనే ఉంటది, సర్కారు బడిల అయితదా?’ అని మీ అసోంటి దోస్తులే నన్ను అడుగుతరు. అయింది. 1972ల మధ్యప్రదేశ్ హోషంగాబాద్ జిల్లాల 16 పల్లె బడులల్ల మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు సర్కారుతోని కలిసి ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాక సైన్స్ అంత ప్రయోగాలతోనే చెప్పుడు షురూ చేసినయి. తక్కువ ఖర్చు సామాన్లు. పుస్తకం దగ్గర పెట్టుకునే పరీక్ష రాయొచ్చు, ఎందుకంటె ప్రశ్నల జవాబు పుస్తకంల ఉండదు. చేతులతోని చేసి చూపెట్టే పరీక్ష సుత ఉండేది. 1982 నుంచి ఏకలవ్య సంస్థ దాన్ని వందల బడులకు తీసుకపోయింది. సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలు, అగ్గిపుల్లలతోని బొమ్మలు చేసే అరవింద్ గుప్తాకు గా పని మొదలైంది హోషంగాబాద్ పల్లెలల్లనే. ఆయన పుస్తకాలు ఆన్‌లైన్‌ల పైసలు లేకుండ దొరుకుతయి, తెలుగుల సుత ఉన్నయి.

2002ల మధ్యప్రదేశ్ సర్కారు గా కార్యక్రమాన్ని బంద్ పెట్టింది. ముప్ఫై ఏండ్లు నడిచినదాన్ని ఒక్క ఆర్డర్‌తోని ఆపుడు నా లెక్కన అన్యాయం. కాని ముప్ఫై ఏండ్లు సర్కారు బడులల్లనే, ల్యాబులు లేని పల్లెలల్లనే నడిచింది అన్నది మర్సిపోవద్దు.

నోట్‌బుక్కుల ఏముండాలె

తేదీ ఉండాలె. దేంతోని కొలిచిండ్రు, ఎన్నిసార్లు కొలిచిండ్రు అన్నది ఉండాలె. అంకె ఉండాలె, కొట్టివేతలు సుత ఉండాలె. ఆఖరికి ఒక్క అనుమానం ఉండాలె, గా 29 గింజల లెక్క. బొమ్మలకు రంగులెయ్యకున్నా ఏం కాదు. మార్కులేసే సార్లకు ఇది చదివే టైమ్ లేదంటరు కద, నలభై చదవనక్కర లేదు. ప్రతి వారం చిట్టీలు తీసి అయిదుగుర్ని లేపి ‘ఎట్ల కొలిచినవ్, చెప్పు’ అని అడిగితె చాలు. చేసినోళ్లు చెప్తరు, దించినోళ్లు నేల చూస్తరు. మిగతా ముప్ఫై అయిదుగురికి గదే క్లాసు.

ఇంట్ల నుంచి ఇంకో అడ్డం వస్తది. ఆడపిల్లలకు బడి నుంచి రాంగనే బోళ్లు, ఊకుడు, తమ్మున్ని చూసుడు. ‘వడ్లు లెక్కవెట్టుడేంది, ఆటనా?’ అంటరు. అందుకే పొద్దు నీడ అసోంటియి బడిలనే పెట్టాలె, ఇంటికాడిది రోజుకు రెండు నిమిషాలు మించొద్దు. గీ మాట పెద్దోళ్లకు చెప్పాల్సింది ఇంట్ల డిగ్రీ చదివిన మీరే. బీఈడీ చేసి నోటిఫికేషన్ కోసం చూస్తున్నోళ్లు ఊరికి నలుగురన్న ఉన్నరు. అక్కలు, అన్నలు వారానికి ఒక్క గంట కూసుంటె చాలు, ట్యూషన్ ఫీజు మాట తర్వాత.

మా అరుగు పిల్లలు కట్టె పాతి ఏడు శనివారాలైంది. నోట్‌బుక్కుల ఏడు గడులు గీసుకున్నరు. అయిదింట్ల అంకెలున్నయి. రెండు వారాలు పొద్దు కనవడలేదు, గా రెండు గడుల్ల ‘మొగులు’ అని రాసి పెట్టిండ్రు.